ఆ వారం అతనెక్కడున్నాడు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ కోర్టు వరండాలో ఎమెబెత్ డబ్బా తెరిచింది. ఇంజెరా అనే పుల్లట్టు ముక్కలో కోడికూర చుట్టి, గుడ్డును మాత్రం పక్కకు తోసి, ముద్దను తెస్ఫాయె నోట్లో పెట్టింది.

వాళ్ల దేశంలో మొగుడికైనా, అతిథికైనా, పక్కింటివాడికైనా అలా పెట్టడం మర్యాదే. కానీ తన భర్తకు గుడ్డు గిట్టదని ఈమెకెలా తెలుసు? తెస్ఫాయె భార్య హిరుత్ మొహం పక్కకు తిప్పుకుంది.

"నువ్వూ నోరు తెరు అక్కా. జడ్జి ముందు నీరసపడతావు."

"నాకు చేతులున్నాయి."

"ఉన్నాయిలే. వాటికన్నా కోపం పొడుగ్గా ఉంది."

తెస్ఫాయె అడిస్ అబాబాలో విలేకరి. పోలీసులు వెతుకుతున్నప్పుడు వారం పాటు ఎమెబెత్ ఇంట్లో దాక్కున్నాడు. భార్యతో మాత్రం పనిమీద గోండర్ వెళ్తున్నానన్నాడు. వేట కాస్త సద్దుమణిగిన సందులో మొగుడూ పెళ్లాలు విజిటర్ వీసా మీద స్వీడన్ వచ్చి శరణు కోరారు. తర్వాత ఎమెబెత్ కూడా అదే దారిన వచ్చింది. ఆమెకు వీళ్లకంటే ముందే ఆశ్రయం దొరికింది. హిరుత్‌కు అదింకో మంట.

మొదటి విచారణలో ఇద్దరినీ విడివిడిగా అడిగారు. అతను నిజం చెప్పాడు. హిరుత్ మాత్రం, "ఆ వారమంతా నా పక్కనే ఉన్నాడు" అంది. అనువాదకుడు మొలా గారు వాళ్ల చర్చి మనిషే. మొగుడు పరాయి ఆడదాని ఇంట్లో పడుకున్నాడని ఆయన ముందు చెప్పడానికి నోరు రాలేదు. మాటలు పొసగలేదు, దరఖాస్తు కొట్టేశారు. ఇవాళ అప్పీలు. ఇదీ పోతే విమానం ఎక్కిస్తారు. దిగగానే తెస్ఫాయెకు జైలే.

"మా మధ్య ఏం లేదు హిరుత్. ఒట్టు," అన్నాడతను గుమ్మం దగ్గర.

"ఒట్లు దాచుకో. లోపల పనికొస్తాయి."

ఎమెబెత్ సాక్షి కాబట్టి పిలిచేదాకా బయటే కూర్చోమన్నారు. లోపల మళ్లీ మొలా గారే.

"ఆ వారం మీ భర్త ఎక్కడున్నాడు?" జడ్జి అడిగింది.

మొలా గారు ఆ ప్రశ్నను తమ అమ్హారిక్ భాషలో చెప్పి, కళ్లజోడు పైనుంచి చూశారు. హిరుత్‌కు ఒక్క క్షణం పాడు ఆలోచన వచ్చింది. అతను జైల్లో ఉంటే ఎమెబెత్ వెళ్లి ముద్దలు పెట్టడం కుదరదు కదా! పక్కన తెస్ఫాయె ఆమెవైపే చూస్తున్నాడు.

"ఆవిడింట్లో," అంది తలుపువైపు వేలు చూపించి.

"మరి అప్పుడు అబద్ధమెందుకు చెప్పారు?"

"సిగ్గేసింది."

"ఇప్పుడు మాత్రం ఎలా నమ్మాలి?"

హిరుత్ లేచి నిలబడింది. "నమ్మరా? తిరిగొచ్చినప్పుడు చొక్కా మడత నా మడత కాదమ్మా! రెండో గుండీ నల్లదారంతో కుట్టి ఉంది. తెల్ల చొక్కాకి నల్లదారం! మా ఇళ్లల్లో కాఫీ కాచేటప్పుడు ధూపం వేస్తారు, బట్టల నిండా ఎవరింటి ధూపమో. అది ఎవరిదో తేల్చుకోవడానికి వీధిలో ఇల్లిల్లూ కాఫీకి తిరిగాను. ఆవిడింట్లో దొరికింది. మా ఆచారంలో మూడు కప్పులూ తాగేదాకా లేవకూడదు కదా, ఏడుపు మింగుతూ తాగాను. తలుపు గడియ విరిగి ఉంది. పోలీసులు విరగ్గొట్టారంది. నేను నమ్మలేదు. నాలాగే మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన ఇంకో పెళ్లాం పనేమో అనుకున్నాను."

మొలా గారు తలెత్తకుండా అంతా స్వీడిష్‌లో చెప్పారు.

ఎమెబెత్‌ను పిలిచారు. జడ్జి తలుపు గురించి అడిగింది.

"గడియ పోలీసులు విరగ్గొట్టారు. ఆయన వెనక గోడ దూకాడు."

"గుండీ ఏ దారంతో కుట్టారు?"

ఎమెబెత్ తెల్లబోయింది. "నల్లది. ఇంట్లో తెల్లది లేదు."

నెల తిరక్కుండానే ఆశ్రయం ఇచ్చినట్టు కబురొచ్చింది. తెస్ఫాయె భార్య భుజం మీద తలపెట్టి భోరున ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమిరింది, కన్నీళ్లు తుడిచింది, కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇక మనల్ని ఎవరూ ఎక్కడికీ పంపరు," అంది ఎదురుగా కూర్చుంటూ. "కావలసినంత తీరిక. చెప్పు, ఆ గుండీ ఎలా ఊడింది?"