రాయి అవతలి వాన

ట్యాంకరు వెనక గొట్టానికున్న చిల్లుల్లో పేరుకున్న ఎర్రమట్టిని వానాయన తలపిన్నుతో ఒక్కొక్కటిగా పొడుస్తున్నాడు. పిన్ను భార్యది. అడిగి తెచ్చుకున్నది కాదు. అడగడానికి ఇంట్లో మాటలుంటే కదా.

వానాయన అన్నది ఊరు పెట్టిన పేరు. గనిలోంచి రాళ్ళ లారీలు వచ్చిపోయే రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడం అతని ఉద్యోగం. పేరు చల్లగానే ఉంటుంది గానీ, పిలిచే గొంతుల్లో ఆ చల్లదనం ఉండదు. గని గేటు దగ్గర 'ప్రకృతిని కాపాడుకుందాం' అని పెద్ద బోర్డు ఉంది. దుమ్ము పట్టి 'కాపాడుకుందాం' ఎప్పుడో కనబడకుండా పోయింది. కంపెనీ ప్రకృతిని ఏ మాత్రం కాపాడుతోందని ఎవరైనా నిలదీస్తే చూపించడానికి ఉన్నది ఆ బోర్డూ, ఈ ట్యాంకరూ, దాన్ని నడిపే ఈ సన్నటి, వంగిన మనిషీ.

వాగు దగ్గర మోటారు పెట్టి ట్యాంకరు నింపుతుంటే బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు పక్కకు జరిగి నిలబడ్డారు. దారి ఇవ్వడానికి కాదు, అతని నీడ కూడా తమ బిందెల మీద పడకూడదని.

"నింపుకో నాయనా, నింపుకో. మా గొంతులు తడవకపోయినా లారీ టైర్లు చల్లగా ఉండాలి" అంది అందులో పెద్దావిడ.

నీళ్ళు చల్లకపోతే దగ్గుతూ తిట్టేదీ ఈవిడే. రోడ్డు మరీ తడిసి బురదైతే లారీ డ్రైవర్లు అతని వంశాన్నంతా తలుచుకుంటారు. ఇన్నేళ్ళలో అతను తిట్లు తినకుండా చల్లిన చుక్క ఒక్కటి కూడా లేదు.

గని రోడ్డు చివర ఒక సున్నం కొట్టిన రాయి ఉంది. అక్కడితో కంపెనీ రోడ్డు అయిపోతుంది, ఊరి వీధి మొదలవుతుంది. ట్యాంకరు ఆ రాయి దగ్గరికి రాగానే వానాయన నీళ్ళు కట్టేస్తాడు. లారీలు మాత్రం రాయిని చూసి ఆగవు. వీధిలోంచే పోతాయి, దుమ్మును వీధిలోనే వదిలిపోతాయి. వానాయన ఇల్లు రాయికి అవతల, ఎంత దగ్గరంటే భార్య వంటింట్లో గిన్నె పడేస్తే ట్యాంకరులోకి వినిపిస్తుంది. ఈ మధ్య కావాలనే పడేస్తోంది.

గని ఉండాలా పోవాలా అన్న గొడవలో ఆవిడ ఏ పక్షమూ కాదు. ఉతికిన బట్ట ఉతికినట్టు ఆరాలి, అంతే. ఆ వీధిలో అది జరిగే పని కాదు గనక ముందుగదిలో అడ్డంగా తాడు కట్టి అక్కడే ఆరేస్తుంది. తడి తువ్వాలు మొహానికి తగలకుండా వానాయన అన్నం తిన్న రోజు లేదు. పొద్దున్నా సాయంత్రం ఆవిడ ఒక పాత ఆకుపచ్చ దుప్పటిని నీళ్ళలో ముంచి, పిండి, చుట్టగా చుట్టి గడపకు అడ్డంగా పెడుతుంది, దుమ్ము లోపలికి రాకుండా. కాపురం పెట్టిన కొత్తలో ఇద్దరూ కలిసి వెళ్ళి కొన్న దుప్పటి అది. కొట్టువాడు రంగు పోదని హామీ ఇచ్చాడు. దుమ్ము సంగతి వాణ్ణి వీళ్ళు అడగలేదు.

ముందురోజు రాత్రి ఆవిడ చాలా రోజుల తర్వాత నోరు విప్పింది.

"రేపొక్క రోజు ఆ రాయి దగ్గర నీళ్ళు కట్టేయకు. మన గుమ్మం దాకా పొయ్యి. లేదంటే నేను మా తమ్ముడి వ్యానెక్కి మా అమ్మ దగ్గరికి పోతాను. మళ్ళీ రాను."

"రాయి దాకానే మనది. అవతల పోస్తే, వాగు నీళ్ళు తెచ్చి సొంత గుమ్మం ముందు పోసుకున్నాడని ఊరు నన్ను బతకనిస్తుందా?"

"ఇప్పుడు మాత్రం నిన్ను నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తోందా ఏంటి?"

అతను అటు తిరిగి పడుకున్నాడు. రాయి విషయంలో వానాయనది ఒక రకం నిజాయితీ. ఎవరికీ పనికిరాని రకం.

గేటు ఎదురుగా బావమరిది టీ కొట్టు. గని మూసేయాలని ఊళ్ళో అందరికంటే గట్టిగా అరిచేది బావమరిదే, గని డ్రైవర్లకు అందరికంటే ఎక్కువ టీ పోసేదీ అతనే. 'గని మూసేయాలి' అని రాసిన అట్ట ఒకటి కొట్టుకు వేలాడుతుంటుంది. డ్రైవర్లు వచ్చే వేళకు దాన్ని గోడవైపు తిప్పేస్తాడు.

"ఏం బావా, ఇవాళ వాన ఎక్కడి దాకా?" అంటూ అంచు పగిలిన గ్లాసు ఏరి మరీ ఇచ్చాడు.

"రోజూ ఎక్కడి దాకానో అక్కడి దాకానే."

"అక్క వ్యాను అడిగింది. మధ్యాహ్నం ఖాళీయేనని చెప్పాను."

"గని మూతపడితే నీ టీ ఎవరు తాగుతారురా?"

"మూతపడకపోతే వాగు నీళ్ళెవరు తాగుతారు బావా?"

పెద్దపెద్ద కమిటీలు మెత్తటి కుర్చీల్లో కూర్చుని తేల్చలేకపోయిన సంగతి అది. పగిలిన గ్లాసు మీద బావాబావమరుదులు ఏం తేలుస్తారు? వానాయన సగం టీ వదిలేసి లేచాడు. ఆ సగాన్ని బావమరిది అతని కాళ్ళ దగ్గరే పారబోశాడు.

అప్పుడు సూపర్‌వైజరు ఫోను చేశాడు. కాలుష్యం ఆఫీసర్లు బయల్దేరారట. ఊరు దాటేదాకా రోడ్డంతా తడపాలట. రాయి దాకానే కదండీ మనది అని వానాయన గొణిగాడు.

"ఆ రాయి పాతింది ఎవడయ్యా? మనమే కదా. పొయ్యమంటే పొయ్యి. దుమ్ము లేచిందో, నీ ఉద్యోగం కూడా లేచిపోద్ది."

ఫోను జేబులో పెట్టుకుంటుంటే వానాయన గుండె తేలికైంది. కంపెనీ మాట కంపెనీదే, ఇల్లాలి కోరిక ఇల్లాలిదే. తను ఎవరి ముందూ వంగకుండా రెండూ ఒక్క ఫోనుతో తీరిపోయాయి. ట్యాంకరు రాయిని దాటింది. నీళ్ళు కట్టలేదు. వెనక జల్లు కింద ఊరి వీధి ఎరుపు నుంచి నలుపుకు తిరుగుతూ వచ్చింది. మట్టి వాసన లేచింది. సొంత ఇంటి ముందుకు రాగానే బండిని నడక కంటే నెమ్మది చేశాడు. జల్లు మెట్టును తడిపింది, గోడను తడిపింది, గడపలో ఉన్న దుప్పటి చుట్ట మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి.

భార్య బకెట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. తడిసిన వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ముఖం మెత్తబడినట్టే అనిపించింది.

"ఎవరు పొయ్యమన్నారు?" అని అడిగింది.

నేనే అనుకుని పోశాను అంటే సరిపోయేది. పెళ్ళాం దగ్గర ఆడే అబద్ధాలన్నిట్లోకీ చవకైన అబద్ధం అది. కానీ అతని నోటికి కూడా ఎక్కడో ఒక రాయి పాతి ఉంది.

"సూపర్‌వైజరు ఫోను చేశాడు. ఆఫీసర్లు వస్తున్నారంట."

ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"అయితే రాయి అవతల కూడా పొయ్యొచ్చన్నమాట" అంది.

లోపలికి వెళ్ళింది. ఆ రోజు గిన్నె చప్పుడు వినిపించలేదు. వానాయన దాన్ని శాంతి అనుకున్నాడు.

ఆఫీసర్లు వచ్చారు. కారు దిగకుండా అద్దం దించి, తడి రోడ్డును ఫోటో తీసుకుని, గాలి బాగుందని మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళు పోగానే, అప్పటిదాకా గనిలో ఆపి ఉంచిన లారీలన్నీ ఒక్కసారి వీధిలో పడ్డాయి. మళ్ళీ తడపనా అని వానాయన ఫోను చేసి అడిగితే, నీళ్ళేం ఊరికే వస్తున్నాయా, రాయి దాకా చాలన్నాడు సూపర్‌వైజరు.

సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి వీధి ఎండిపోయింది. ఇంటి ముందు మాత్రం అతను తీరిగ్గా పోసిన చోట బురదై, ఆ బురద గట్టిపడింది. అందులో వ్యాను చక్రాల జాడలున్నాయి. గుమ్మం నుంచి ఆ జాడల దాకా చెప్పుల గుర్తులు, ఒక్కటీ వెనక్కి తిరిగి లేదు. దుమ్ములో అయితే ఈపాటికి చెరిగిపోయేవి.

ఎదురింటావిడ తన కిటికీ తుడుచుకుంటూ, అతని వైపు చూడకుండానే చెప్పింది.

"తలపిన్ను నిన్నే ఉంచుకోమంది మీ ఆవిడ."

వానాయన దుప్పటి చుట్టను దాటుకుని లోపలికి వెళ్ళాడు. తాడు మీద అతని బట్టలు మాత్రమే ఉన్నాయి, ఆరి, మడతకు సిద్ధంగా. అలవాటు చొప్పున తల వంచాడు. మొహానికి ఏ తడీ తగలలేదు. తల వంచే అవసరం లేదని తెలిశాక కూడా కాసేపు అలాగే ఉండిపోయాడు.

బయట లారీ పోయింది, దాని వెనకే ఇంకోటి. గడపకు అడ్డంగా ఆకుపచ్చ దుప్పటి చుట్ట ఆమె పెట్టినచోటే ఉంది. పొద్దున్నుంచి తడిపిన చెయ్యి లేక కర్రలా బిగుసుకుంది. దాన్ని తడపడానికి ట్యాంకరు అక్కర్లేదు, ఒక చెంబు నీళ్ళు చాలు.