బానెట్ కింద అరుగు

మంగళవారం పొద్దున హైమావతి కారు బానెట్‌కు అమ్మవారు పోసింది.

ఎర్రటి పూత మీద శనగగింజలంత పొక్కులు లేచాయి. చెయ్యి వేస్తే కాలుతోంది. ఆటోనగర్‌లో ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. చుట్టుపక్కల షెడ్లవాళ్లు తాలింపు పెట్టడం మానేస్తారు, చెప్పులు గేటు బయటే విడిచి వస్తారు. హైమావతి వేపమండలు తెచ్చి వైపర్ల పక్కన గుచ్చుతుంది.

అది ఇనప బానెట్ కాదు, ఫైబర్‌ది. గాజునార పరిచి, రెజిన్ జిగురు పూసి ఆమె భర్త పద్మనాభం చేసిన ఆఖరి పని. రెజిన్ గట్టిపడే వేళ హైమావతి పక్కన కూర్చుని ఏవో కబుర్లు చెబుతూ పోయింది. ఆమె వసపిట్ట. ఆయన ఊ కొట్టడం తప్ప పెదవి విప్పి ఎరగడు. ఆ పూట కొట్టిన ఊ ఒకటి రెజిన్‌లోనే గడ్డకట్టుకుంది. మనిషి పోయాడు గాని అది పోలేదు.

ఫైబర్ పనివాళ్లు లోపల గాలిబుడగ ఉందేమోనని నాణెంతో తట్టి వింటారు. హైమావతి రోజూ ఒక కబురు చెప్పి తడుతుంది. బానెట్ "ఊ" అంటుంది. ఆమెకు ఆ పూటకు అది చాలు.

ఇవాళ తడితే ఊ సగంలోనే ఆగిపోతుంది. హైమావతి ఇంకోసారి తడుతుంది. ఆ మనిషిని రెండోసారి పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

మెకానిక్ బాజీ వట్టికాళ్లతో లోపలికి వస్తాడు. మొన్న ఈ కారుకు పెద్ద ఇంజను బిగించింది అతనే. బానెట్ ఎత్తి, పొగగొట్టం నాడి పట్టుకుని చూస్తాడు.

"జబ్బు దీనిది కాదక్కా, గొట్టానిది. దాని సెగంతా దీనికే కొడతంది."

"పొమ్మనలేక పొగబెట్టావన్నమాట మా ఆయనకి. ఇప్పుడేంచెయ్యాలో చెప్పు."

"గొట్టానికి సెగాపే పట్టీ చుడతాను. నువ్వీ అల్యూమినియం రేకు మధ్యలో అడ్డం పెట్టు."

పట్టీ చుట్టి బాజీ టీకి వెళ్తాడు. అమ్మవారు పోసిన ఒంటికి గాలి తగలనివ్వకూడదని హైమావతి పెద్దల దగ్గర విని ఉంది. అందుకే రేకును బానెట్ అడుగుకు ఆనించి, ఎక్కడా సందు లేకుండా జిగురుతో అంటించేస్తుంది. జ్వరం పిల్లవాడికి దుప్పటి కప్పినంత శ్రద్ధగా అంటిస్తుంది. ఇంజను తిరగ్గానే రేకు కాగి, కాగిందంతా బానెట్‌కే ఇస్తుంది. పొక్కులు రేగుపళ్లంత అవుతాయి. నాణెంతో తడితే ఊపిరి చప్పుడే వస్తుంది.

"అయ్యో, అంటించేశావా?" బాజీ తల పట్టుకుంటాడు. "రేకు దానికి ఆనకూడదక్కా. మధ్యన వేలెడు జాగా వదలాలి."

"జాగా ఎవరికిరా?"

"వేడికి. వచ్చినోణ్ణి ఇంట్లోకి రానియ్యకపోతే మానె, అరుగైనా చూపియ్యాలా వద్దా? కూర్చోను చోటు లేకే లోనికి తోసుకొస్తన్నాడు."

హైమావతికి అది న్యాయంగానే తోస్తుంది. రేకు ఊడదీసి, మేకుల మీద వేలెడు ఎడంగా నిలబెడుతుంది. గాలి వచ్చిపోయేందుకు ముందూ వెనకా దారి వదులుతుంది. ఎడం సరిపోయిందో లేదోనని వేలు పెట్టి చూస్తుంది. వేలు పడుతుంది. చెయ్యి పడుతుంది. భుజం పడుతుంది. కొంగు బొడ్లో దోపుకుని లోపలికి నడుస్తుంది.

లోపల పొడవాటి అరుగు ఉంది. పైకప్పు బానెట్టే. అరుగు చివరి నుంచి వేడి నడిచి వస్తున్నాడు. తుండు నెత్తిన వేసుకున్న ముసలాయన, పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి.

"కూర్చో పెద్దయ్యా."

"ఇన్నాళ్లకి కూర్చోమన్నదానివి నువ్వేనమ్మా. అంతా అవతలికి పొమ్మన్నోళ్లే."

అమ్మవారిని సాగనంపినట్టే ఆమె ఆయనకు పెరుగన్నం పెడుతుంది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, ఆమె ఒడిలో తల పెట్టుకుంటాడు.

"ఏదన్నా కబురు చెప్పు. నిద్రపట్టి చాలా కాలమైంది."

హైమావతి నోరు తెరుస్తుంది. ఒక్క కబురూ దొరకదు. ఉన్నవన్నీ పద్మనాభానికి ఎప్పుడో చెప్పేసింది. చేసేది లేక నాణెం తీసి పైకప్పును తడుతుంది. ఊ రాదు. ఆమెకు ఏడుపొస్తుంది.

అప్పుడు పైనుంచి, గొంతు సవరించుకుని, పద్మనాభం మొదలుపెడతాడు.

"ఒక షెడ్డులో ఒక వసపిట్ట ఉండేదిట..."

ఆయన నోట అంత పొడుగు మాట ఆమె ఏనాడూ వినలేదు. అడ్డు తగిలి అడగాల్సినవి వంద ఉన్నాయి. పెదవులు బిగబట్టుకుంటుంది. ఒడిలో నిద్రపట్టిన ముసలాయన గడ్డం మీద మంచు పడుతోంది. అరుగు మెల్లగా కదిలి రోడ్డెక్కుతుంది.

బయట కారు పక్కనే నడుస్తూ బాజీ నాణెంతో బానెట్‌ను తడతాడు.

"ఊ," అంటుంది హైమావతి.