చిట్టెమ్మ తెచ్చిన చిప్పపొడి

పొద్దున్నే రైల్వే వర్క్‌షాప్ సైరన్ విని శామ్ సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళిపోయాక, అతని భార్య సూసన్న పెరట్లోకి వచ్చేది. కోళ్ళగూడు తలుపు తీసి, బాతుల్ని నీళ్ళతొట్టి వైపు తోలి, తౌడూ నూకలూ కలిపి పెట్టేది. ఆ తర్వాత, గుడ్ల పెంకు గట్టిపడేందుకు, ఒక పాత పళ్ళెంలో ఆల్చిప్పల పొడి పోసి గోడ పక్కన విడిగా ఉంచేది. దాన్ని దాణాలో కలిపేది కాదు. గుడ్డు పెట్టే పెట్ట తనకు కావలసినంత తనే ఏరుకు తింటుందని ఆమె నమ్మకం.

ఆ పొడి తెచ్చేది పక్కింటి చిట్టెమ్మ. సముద్రం ఒడ్డున దీఘాలో చేపలమ్మేవాళ్ళ చేత ఆల్చిప్పలు బస్తాకెత్తించుకొచ్చి, రోట్లో దంచి, జల్లించి ఇచ్చేది. కోళ్ళూ బాతులూ ఇద్దరివీ. సాకడం సూసన్న వంతు, మేత చూడటం చిట్టెమ్మ వంతు. కొత్తకోడలిగా బెంగాల్లోని ఈ సుభాష్‌పల్లికి వచ్చినప్పుడు సూసన్నకు బెంగాలీ ఒక్క ముక్క రాదు. చెయ్యి పట్టుకుని ఖరిదా బజారంతా తిప్పి, బేరమాడటం నేర్పింది చిట్టెమ్మే. సూసన్న కామెర్లతో మంచాన పడితే రెండిళ్ళకీ వండి పెట్టిందీ ఆమే.

ఆ పెరటి గుడ్లలో మాటలుండేవి. పెంకు కట్టే వేళ పెట్ట దగ్గర ఎవరేం మాట్లాడితే అది లోపల ఉండిపోయి, గుడ్డు పగలగొట్టినప్పుడు బయటికొచ్చేది. సాయంత్రాలు వాళ్ళిద్దరూ గూటి ముందు పీటలేసుకుని కూర్చునేవారు కాబట్టి ఎవరింట్లో ఆమ్లెట్ వేసినా ముందు వాళ్ళ నవ్వులే వినబడేవి. “మీ గుడ్లు తినే నాకు తెలుగొచ్చింది” అనేది ఎదురింటి బెంగాలీ దీదీ. ఖరిదాలో బేకరీ నడిపే ఏలియా క్రిస్మస్ కేకులకు ఏటా ఈ గుడ్లే తీసుకునేవాడు.

దుర్గాపూజలు అయ్యాక గుడ్లు పాడవడం మొదలైంది. పెంకు పల్చబడి, చేత్తో తీస్తేనే చిట్లిపోయేది. కొన్ని అసలు పెంకే లేకుండా తోలుసంచిలా వచ్చేవి. పొడల పెట్ట ఒకటి కాళ్ళు చచ్చుబడి కూలబడిపోయింది.

“వదినా, పొడి సాలతన్నట్టు నేదు” అంది సూసన్న.

“సలికాలం కదేటి, ఎండ నేదు. ఇంకో దోసెడు ఎక్కువెయ్యి” అంది చిట్టెమ్మ.

సూసన్న ఎక్కువే వేసింది. కోళ్ళు పళ్ళెంలో ఓసారి పొడిచి చూసి పక్కకు పోయేవి. బేకరీకి పంపిన గుడ్లు దారిలోనే సగం పగిలాయి. ఏలియా మొహమాటపడుతూనే, “ఈసారికి ఇందా పేటలో ఇంకెవరితోనో మాటాడుకున్నానమ్మా” అని చెప్పేశాడు. ఆ వారమే ఆమె ముద్దుగా పెంచుకున్న బూడిదరంగు బాతు గుడ్డు అడ్డంపడి చచ్చిపోయింది. సూసన్న దాన్ని జామచెట్టు కింద పాతిపెట్టి చాలాసేపు అక్కడే కూర్చుంది.

బాతులు గూట్లోనే గుడ్లు పెట్టాలని లేదు. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి గుడ్లు వెతుకుతుంటే, గోడవతల చిట్టెమ్మ కట్టెలమోపు సందులో తోలుగుడ్డు ఒకటి దొరికింది. పెంకు లేదు కాబట్టి, అరచేతిలోకి తీసుకోగానే పగలకుండానే అది మాట్లాడింది. మొదట ఇందాలో ఉండే చిట్టెమ్మ అల్లుడు కిరణ్‌కుమార్ గొంతు.

“అత్తా, సూసన్నమ్మకి తెలిస్తే?”

తర్వాత చిట్టెమ్మ గొంతు. “ఎలాగ తెలుస్తాది? పలుగురాయి పిండీ చిప్పపొడీ ఒకే రంగు. మంచి పొడి ఇందాలో మన కోళ్ళకేస్తన్నాను కదా. బేకరీ బేరం మన సేతికొచ్చిందంటే ఈ పెరటి కోళ్ళతో మనకేటి పని? నానేటి సెప్తే అది నమ్మేస్తాది, పిచ్చిది.”

సూసన్న ఇంట్లోకి వెళ్ళి నిమ్మకాయ కోసింది. పళ్ళెంలోని పొడి మీద పిండింది. చిప్పపొడి అయితే బుసబుసమని పొంగాలి. అది తడిసి ఊరుకుంది.

గుడ్డు పట్టుకుని వెళ్ళేసరికి చిట్టెమ్మ బియ్యం కడుగుతోంది. సూసన్న చెయ్యి ముందుకు చాపింది. గుడ్డు మళ్ళీ అంతా చెప్పింది.

“గుడ్డు మాట నమ్ముతావా, నా మాట నమ్ముతావా?” అంది చిట్టెమ్మ.

“గుడ్డుకి సొంత గొంతు నేదు వదినా. అది నీ గొంతే.”

చిట్టెమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. “నా కూతురు కాపురం నిలబెట్టుకోవాల. అల్లుడికి పని నేదు. నీకు శామ్ జీతముంది. నాకెవులున్నారు?”

“ఇందాలో ఆ కోళ్ళని ఏ గుడ్లు పొదిగించి లేపినావు?”

చిట్టెమ్మ తల దించుకుంది. “ఈ పెరటి గుడ్లే.”

“అడిగితే ఇచ్చీదాన్ని కదా. సగం కాదు, అన్నీ ఇచ్చీదాన్ని” అంది సూసన్న. “పిచ్చిదాన్నన్నావు వదినా.”

వెనక్కి తిరిగి వచ్చేసింది. కొన్నాళ్ళకు చిట్టెమ్మ ఇల్లు ఖాళీ చేసి ఇందాలో కూతురింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చెప్పలేదు. సూసన్న తలుపు తీసి చూడలేదు.

సూసన్న దీఘా బస్సెక్కి తనే ఆల్చిప్పలు తెచ్చుకుని, తనే దంచింది. పొడల పెట్ట మెల్లగా లేచి నడిచింది. పెంకులు మళ్ళీ గట్టిపడ్డాయి. సాయంత్రాలు గూటి ముందు ఒక్క పీటే వేసుకుని కూర్చునేది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా ఏలియా వెతుక్కుంటూ వచ్చాడు. ఇందా గుడ్లు పగలగొడితే తిట్లే వస్తున్నాయట. కోళ్ళు నావంటే నావని అత్తా అల్లుడూ పొద్దస్తమానం గూటి దగ్గరే కొట్లాట.

“పండక్కి కేకుల్లో ఆ తిట్లెలా కలపనమ్మా?” అని, సూసన్న బుట్టలోంచి ఒక గుడ్డు తీసి గిన్నెలో పగలగొట్టాడు. చెవి పెట్టాడు. ఏమీ వినబడలేదు. ఇంకొకటి కొట్టాడు.

“ఇందులో మాటలు నేవేటమ్మా?”

“మాటాడ్డానికి ఎవులున్నారు బాబూ?”

అతను ఉన్నవన్నీ తీసుకుని, ఇకమీదట ఏడాది పొడుగునా ఇక్కడివే కావాలని చెప్పి వెళ్ళాడు.

శామ్ డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని సంబరపడ్డాడు. సూసన్న అతనికని పొయ్యి మీద పెనం పెట్టి గుడ్డు కొట్టింది. అలవాటు చొప్పున కాస్త వంగి వింది. నూనె చిటపట తప్ప ఏమీ లేదు.