పదిహేడో గడిలోని రాయి

పాత వంతెనను వరద ఎత్తుకుపోయిన ఏడాది ఇది జరిగింది. క్వారీ పని మానేసి, కాలేజీలో రాళ్ల ల్యాబుకు అటెండరుగా చేరి అప్పటికి నలభై రోజులు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

నీళ్లు తీశాక ల్యాబంతా మోకాలెత్తు బురద. గళ్ల పెట్టె మూత సందుల్లోంచి బురద దూరి, డెబ్బై రాళ్లూ మట్టిముద్దలై ఉన్నాయి. ఎవరూ చెప్పకముందే వరుస తప్పకుండా తీసి, తొట్టికి పది చొప్పున ఏడు తొట్లలో నానబెట్టాను. ముప్పై ఏళ్లు రాయి కొట్టినవాణ్ణి. రాయిని ఎలా కడగాలో నాకొకరు చెప్పాలా?

రెండు రోజులయ్యాక తోమి, మళ్లీ గళ్లలో పేర్చాను. పదిహేడో గడి ఖాళీగా మిగిలింది. తొట్లన్నీ దేవాను. లేదు.

నడుముకు తాళాలగుత్తి వేలాడేసుకుని తిరిగే స్టోరు గుమస్తా వచ్చి చూశాడు.

"గాజులా మెరిసేది అదొక్కటే. సరిగ్గా దానికే కాళ్లొచ్చాయా?"

"నాకు తెలీదు."

"తొట్లు నువ్వే పెట్టావు, తీసిందీ నువ్వే. రేపు ప్రిన్సిపాలుకు రాసిస్తా. ఇంకో పని చూసుకో."

నాకు వాదించడం రాదు. నన్ను తిట్టడం కంటే గోడను తిట్టడం నయమని, అదైనా తిరిగి పలుకుతుందని మా ఆవిడ అంటుంది.

అంతలో పాఠం చెప్పే మేడమ్ కొత్త పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. గుమస్తా చెప్పిందంతా విని, నావైపు తిరిగింది.

"తొట్లలో నీళ్లు పారబోశారా, పెద్దాయనా?"

"లేదమ్మా."

"మంచిపని చేశారు. పిల్లలూ, పుస్తకాలు మూసేయండి. ఇవాళ్టి పాఠం ఇదే. పదిహేడో రాయి ఏమైందో నాకు చెప్పొద్దు, చూపించండి."

సోడాబుడ్డి కళ్లద్దాల పిల్ల ఒకతి ముందుకొచ్చింది. పదిహేడోది నానింది రెండో తొట్టిలోనని నన్నడిగి తెలుసుకుంది. ఆ నీళ్లు గుడ్డలో వడకట్టి, పింగాణీ గిన్నెలో పోసి దీపం మీద పెట్టింది.

"బురదనీళ్లతో టీ కాస్తున్నావా?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"నువ్వు నోరు మూసుకుని అయిదో తొట్టి నీళ్లు కాచు. వరదనీళ్లన్నీ అంతే అని ఈ గుమస్తా సారు అంటే అప్పుడేం చెబుతాం?"

రెండు గిన్నెలూ పక్కపక్కన మరిగాయి. నేను గోడవారన నిలబడ్డాను. అయిదో తొట్టి గిన్నెలో మట్టిమరక మిగిలింది. రెండోదాన్లో తెల్లగా పొర కట్టింది. ఆ పిల్ల దాన్ని భూతద్దం కింద పెట్టి, "పలుకులన్నీ పాచికల్లా ఉన్నాయి మేడమ్. మూలలన్నీ తేరి ఉన్నాయి. ఉప్పురాయి!" అంది.

నేను వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే. నీళ్లకు కరిగే రాయిని నా జన్మలో చూడలేదు. నేను చూడని రాయి లేదనుకున్నాను.

"దొంగతనం చెయ్యలేదమ్మా. కరిగించింది మాత్రం నేనే" అన్నాను అందరి ముందూ.

గుమస్తా నమ్మలేక తనూ చిటికెడు నోట్లో వేసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఉప్పు తిన్నవాళ్లు నీళ్లు తాగాలి కద సార్" అంటూ ఆ పిల్ల మంచినీళ్ల గ్లాసు అందించింది. గది గొల్లుమంది. ఆయన కూడా నవ్వక తప్పలేదు.

"మరి రిజిస్టర్లో ఏమని రాయను మేడమ్?"

"కరిగిపోయిందని రాయండి. కింద నేను సంతకం పెడతాను. ఈయన ఇక్కడే ఉంటారు."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పక్కగదిలో ఇంకో బురదపెట్టె ఉంది, ఇరవై రాళ్లు. ఒక్కోదాని నుంచి గోరంత పెచ్చు కొట్టి, ఇరవై గ్లాసుల నీళ్లలో విడివిడిగా వేసి కూర్చున్నాను. గంటకు మూడో గ్లాసులోది పొరలు పొరలుగా విడిపోయింది. ఆ ఒక్క రాయినీ పక్కన పెట్టి పొడిగుడ్డతో తుడిచాను. మిగతావి తొట్లో వేశాను.