ముప్పై రెండు అంగుళాలు

2002లో, వీధివీధినా జీన్స్ కుట్టే మా రాయదుర్గంలో ఇంటీరియర్ డిజైనర్ అంటే జీన్స్ ప్యాంట్ల మీద పువ్వులు కుట్టించేవాడనుకునేవాళ్లు. నేను బెంగుళూరులో ఒక పెద్దాయన దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని వచ్చి బస్టాండు ఎదురుగా బోర్డు పెట్టుకుంటే, మొదటి నెలలో వచ్చిన ముగ్గురూ ప్యాంట్లు పట్టుకొచ్చినవాళ్లే. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మూడోవాణ్ని దాదాపు తరిమేశాను.

నాలుగోవాడు గోవిందప్ప. పదహారు మిషన్ల జీన్స్ యూనిట్ అతనిది. పాత మట్టిమిద్దెలో కాపురముంటూ, ఆ పక్క జాగాలోనే కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. గోడలు నడుమెత్తు లేచాయి.

"ఏమప్పా తిప్పేషూ, ఇల్లు ముగిసినాక రంగులు చెప్పేది గదా నీ పని? ఇప్పుడే నీతో ఏం పని పడతాది?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ముగిసినాక వస్తే నేనేం చేసేదన్నా, గోడలకు బొట్టు పెట్టాల్నా? ఇంట్లో ఎవురు ఎట్ల మసులుతారో చూసి, కట్టేటప్పుడే అన్నీ చెప్పాల. స్విచ్చి యాడ, అల్మారా యాడ, వంటింటి గట్టు ఎంతెత్తు... అదీ మా పని."

ఆ మాటలు మా బెంగుళూరు పెద్దాయనవి. నేను అప్పజెప్పానంతే. ఇంట్లో ఎంతమందని అడిగాను. తనూ, భార్య ఓబులమ్మ, ఒక కొడుకు, ఒక కూతురు అన్నాడు. నలుగురని రాసుకుని పుస్తకం మూసేశాను.

ఎనిమిది నెలలు ఆ ఇంటి పని చేయించాను. రోజూ మధ్యాహ్నం ఓబులమ్మ క్యారియరు తెచ్చేది. సంగటి, చింతాకు పప్పు, నంజుకోవడానికి ఊరుబిండి పచ్చడి. ఆ సంగటి ముద్ద అంత నున్నగా ఎలా వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు అనేశాను.

"అక్కా, నీ చేతి సంగటి తింటే మా ఇంట్లో ముద్ద దిగడం లేదు."

"నా చెయ్యి కాదప్పా. మా మహేశ్వరిది. వంటంతా ఆ బిడ్డే."

"అయితే ఆ బిడ్డకు చెప్పు, కొత్త వంటిల్లు చూస్తే మతి పోతాదని."

ఓబులమ్మ గిన్నెలు సర్దుకుంది. పాత మిద్దె ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి వంగి ఆ గుమ్మం దాటి ఉంటే సరిపోయేది. చొక్కాకు సున్నం అంటుతుందని వెళ్లలేదు. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గట్టు కట్టే రోజు మేస్త్రీ హనుమంతరాయుడు టేపు పట్టుకుని నిలబడ్డాడు. "ఎంతెత్తు సార్?"

"ముప్పై రెండు అంగుళాలు."

అప్పుడే క్యారియరు దించిన ఓబులమ్మ దగ్గరికొచ్చింది. "సారూ, ఆ మూలన కొంచెం కిందికి పెట్టేదానికి అవుతాదా? నేల మీద కూచుంటే అందేటట్ల."

నేను పెద్దగా నవ్వాను. "ఇంకా కింద కూచోని వండేదేందక్కా? ఆ కాలం పోయింది. బెంగుళూరుకు పోయి చూడు, అందరూ నిలబడే."

"అది కాదు సారూ..."

"నాకు వదిలిపెట్టు, అంతే."

ఆమె మొగుడి వైపు చూసింది. గోవిందప్ప నల్ల గ్రానైట్ ముక్కను అటూఇటూ తిప్పుతూ, తలెత్తకుండానే, "సారు చెప్పినట్ల పోనీలే" అన్నాడు. హనుమంతరాయుడు ఒక్క క్షణం ఆగి గోడ మీద గీత గీశాడు. నాతోపాటు అతను నవ్వలేదు. అదే వీధి మనిషి, అతనికి తెలుసు. నేనే గమనించలేదు.

2003 మార్చిలో గృహప్రవేశం. ఇస్త్రీ చొక్కా, జేబునిండా విజిటింగ్ కార్డులు. వంటింట్లోకి వచ్చిన ప్రతివాడూ నల్ల గట్టును నిమిరి చూసేవాడే. యూనిట్లవాళ్లు ఇద్దరు అక్కడికక్కడే తమ ఇల్లు కూడా చూడమన్నారు. నేను నేల మీద లేను.

పాలు పొంగించే వేళయింది. "మా మహేశ్వరే పొంగించాల" అంది ఓబులమ్మ. జనం పక్కకు జరిగారు.

ఇరవై ఏళ్ల పిల్ల. పోలియోతో రెండు కాళ్లూ చిన్నప్పుడే చచ్చుబడిపోయాయట. అరచేతులు నేలకు ఆనించి, ఒళ్లు ముందుకు జరుపుకుంటూ వస్తోంది. నేను వేయించిన నున్నటి బండల మీద ఒకసారి చెయ్యి జారింది. సర్దుకుని గట్టు కిందికి వచ్చి ఆగి, పైకి చూసింది. ఆమెకు కనిపించేది గ్రానైట్ అంచు మాత్రమే.

"ఎత్తుకోండప్పా ఎవురైనా" అన్నారొకరు.

"వద్దు" అంది మహేశ్వరి. "అమ్మా, నువ్వే పెట్టు."

ఓబులమ్మ స్టవ్ వెలిగించింది. అందరూ గిన్నెలోకి తొంగిచూశారు. పాలు పొంగాయి, జనం గోవిందా అన్నారు. కింద నుంచి మహేశ్వరి అడిగింది.

"పొంగినాయామ్మా?"

నా జేబులో కార్డులున్నాయి. వాటిని అక్కడే చింపి పారేయాలనిపించింది. చింపలేదు.

సాయంత్రం గోవిందప్పను పక్కకు పిలిచి, ఒక మూల పగలగొట్టి కిందికి కట్టిస్తానన్నాను.

"వచ్చినోళ్లంతా వంటిల్లు వంటిల్లు అంటాండారు. ఇప్పుడు పగలగొడితే అందరికీ ఏమని చెప్పేది?" అన్నాడు. మళ్లీ తనే, "ముందే నీకు చెప్పాల్సింది. సిగ్గయింది" అన్నాడు.

గట్టిగా అడిగి ఉంటే ఒప్పుకునేవాడేమో. ముప్పై రెండు అంగుళాల కోసం అంత పట్టుబట్టినవాణ్ని, ఆ సాయంత్రం మాత్రం సరేనన్నాను. ఆ వంటింటిని చూపించే కదా నేను మరో రెండిళ్లు పట్టుకోవాలి మరి.

ఏడాది తర్వాత అల్మారా తలుపు బిగుసుకుపోయిందంటే వెళ్లాను. వరండాలో మహేశ్వరి ప్యాంట్ల కుప్ప మధ్య కూర్చుని, కుట్ల చివర వేలాడే దారాలు కత్తిరిస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇప్పుడదే పనట. భోజనం వేళకు ఓబులమ్మ నాకూ పళ్లెం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసింది.

"ఎట్లుండాది సార్ సంగటి?" వరండాలోంచి అడిగింది మహేశ్వరి.

"బాగుండాది."

"అబద్ధం" అని నవ్వింది. "గడ్డలు కట్టింటాది. అమ్మ నిలబడి కెలుకుతాది. సంగటి నిలబడి కెలికేది కాదు సార్. కూచోని, కుండను పట్టుకోని, ఒళ్లంతా వేసి తెడ్డు తిప్పాల."

"నీకొక స్టవ్ కింద పెట్టిస్తా" అన్నాను.

"నేను అడిగినాలే. నాయన ఒప్పుకోలేదు. వంటిల్లు చూసేదానికి జనం వస్తాంటారు గదా. మీరు పంపించేటోళ్లే."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంకో ప్యాంటు ఒళ్లోకి లాక్కుని కత్తెర తీసుకుంది.

నేను తల వంచుకుని సంగటి మొత్తం తిన్నాను, గడ్డలతో సహా.