ఎనిమిది బిళ్ళలూ, ఇంకో బిళ్ళలో మూడో వంతూ

నేను ఒక రూపాయి బిళ్ళను. ఈ సబ్బు నురగతో చచ్చిపోతున్నానండీ. చొక్కా ఉతికే ముందు జేబు చూసుకోవాలని ఈ ఇంట్లో ఎవరికీ తోచదు. వాషింగ్ మెషిన్ తిరిగినప్పుడల్లా నేనూ తిరుగుతాను.

టంకశాలలో నన్ను అచ్చు వేసినప్పుడు మొహం మీద ఒక బొటనవేలు గీశారు. రెండు రూపాయల బిళ్ళ మీద రెండు వేళ్ళు గీశారు. సైజు మాత్రం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. ఎవరు ఎవరో జనం వేళ్ళు లెక్కపెట్టుకుని తెలుసుకుంటారని అనుకున్నారు కాబోలు. కండక్టర్ల సంచుల్లో, హారతి పళ్ళేల్లో సగం జీవితం రెండు రూపాయలుగానే చలామణి అయ్యాను. గౌరవం ఎక్కువొస్తుంటే కాదనడం దేనికని ఊరుకున్నాను.

చివరికి తణుకులో పాండురంగారావు గారింట చిల్లర డబ్బాలో పడ్డాను. ఆయన కరెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. లెక్కల్లో తనకి తిరుగులేదని ఆయన నమ్మకం. ఆఫీసులో అన్నీ కంప్యూటరే చేస్తుంది కాబట్టి ఆ నమ్మకానికి ఇంతవరకూ దెబ్బ తగల్లేదు.

కూతురు నళిని పదో తరగతి పాసైంది. ఊళ్ళో కాలేజీలో చేరి ఇంటి నుంచే వెళ్తానంది. ఆయన మనసు విజయవాడ హాస్టల్ మీద ఉంది. పక్కింటివాళ్ళ అబ్బాయి అక్కడే చేరాడు మరి.

"ఒక్క లెక్క ఇస్తాను. చేశావా, ఇంట్లో ఉండు. లేదా, పెట్టె సర్దుకో" అన్నాడాయన.

రెండు రూపాయల బిళ్ళలూ అయిదు రూపాయల బిళ్ళలూ ఏరి స్టీలు గ్లాసులో వేశాడు. ఆ ఏరడంలో నేనూ వెళ్ళాను. మొత్తం ఎంతో భార్య విశాలాక్షి చేత లెక్క కట్టించి, గ్లాసు మీద మూత పెట్టాడు.

"పన్నెండు బిళ్ళలు, ముప్ఫై అయిదు రూపాయలు. రెండు రూపాయలవి ఎన్ని?"

పిల్ల రెండు రూపాయల బిళ్ళల్ని ఎక్స్ అనుకుంది. మిగతావి పన్నెండులోంచి ఎక్స్ తీసేస్తే వచ్చేవి. రెండు ఎక్స్‌కి వాటి విలువ కలిపి ముప్ఫై అయిదుతో సమానం చేసింది. ఎక్కడా తప్పు చేయలేదు.

"ఎనిమిదీ, ఇంకో దాంట్లో మూడో వంతూ వస్తోంది నాన్నా."

"మూడో వంతు బిళ్ళ ఏ కొట్లో ఇచ్చారే నీకు?"

వంటింట్లోంచి విశాలాక్షి వచ్చింది. "ఏవండీ, అందులో ఓ రూపాయి బిళ్ళ కూడా ఉందండి."

"నేను ఏరినవే అవి. రూపాయికీ రెండు రూపాయలకీ తేడా తెలీదా నాకు?"

"గ్లాసు ఓసారి బోర్లించి చూద్దాం నాన్నా."

"బోర్లించి చూసేదానికి ఆల్జీబ్రా ఎందుకమ్మా?"

గ్లాసు లోపల నేను ఎంత కదలాలనుకున్నా కదల్లేకపోయాను. పిల్ల పెట్టె సర్దుకుంది.

హాస్టల్ ఫీజు రసీదు జిరాక్స్ తీయించి, ఆ గ్లాసులోంచి తెచ్చిన చిల్లరలో ఆయన నన్నే ఇచ్చాడు. "ఇంకో రూపాయివ్వాలండి. ఇది రూపాయి బిళ్ళండి" అన్నాడు కొట్టువాడు. పాండురంగారావు గారు నా బొటనవేలి వంక చాలాసేపు చూశాడు. తర్వాత రసీదు వంక చూశాడు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదని దాని మీద లావు అక్షరాలతో ఉంది. వేరే బిళ్ళ ఇచ్చి నన్ను జేబులో వేసుకున్నాడు. అప్పట్నుంచీ అక్కడే ఉన్నాను.

మొన్న ఆదివారం హాస్టల్‌కి వెళ్ళాం. పిల్ల చిక్కిపోయింది. లెక్కల క్లాసులో చెయ్యి ఎత్తడం మానేసిందట.

"ఆ లెక్క రోజూ చేస్తున్నాను నాన్నా. అందులో రూపాయి బిళ్ళ లేదంటే, మరి తప్పెక్కడో కనపడట్లేదు. నాకు లెక్కలు రావేమో."

ఆయన చెయ్యి జేబులోకి వచ్చింది. నన్ను పట్టుకుంది. తర్వాత నన్ను వదిలేసి పక్కనున్న జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"మజ్జిగ తాగుతావా అమ్మా?" అన్నాడు.

ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. ఉతుకులకి జేబు కుట్టు కొంచెం వదులైంది. ఆ పిల్ల ముందు జారిపడదామా అనుకుంటున్నాను. కానీ పడగానే ఆయన నా మీద చెప్పుకాలు వేసేస్తే? పిల్లే తీసి, రెండు రూపాయలనుకుని ఆయనకే ఇచ్చేస్తే? మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి తండ్రులు ఉండే ఉంటారు. వాళ్ళ చేత తప్పు ఒప్పించిన వాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఎలా ఒప్పించారో కాస్త చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది.