బల్ల మీది ద్రాక్షరసం

ఇరవై ఆరేళ్ళు. నెలకొక ఆదివారం చొప్పున ఎన్ని ఆదివారాలో మీరే లెక్కేసుకోండి, నాకు ఓపిక లేదు. ఐరాల పక్కన మా ఊరి చర్చిలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల పెట్టి, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఆ రసం చేసేదాన్ని నేను, సంతోషమ్మను. మా అత్త చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని నాకొచ్చింది. పెరట్లో పందిరి నిండా పన్నీరు ద్రాక్ష. తొక్కతో, గింజతో చిదిమి జాడీలో వేసి, పిడికెడు చక్కెర కలిపి, గుడ్డ కట్టి ఇరవై ఒక్క రోజులు ఉంచాలి. రోజూ కలపాలి. వడగట్టాక బల్లకు పోగా మిగిలిన రసం తీగ మొదట్లో పోయాలే గానీ ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు. అది అత్త పెట్టిన కట్టు.

ఇంత చేస్తే ఒక్కరైనా బాగుందన్నారా? అనరు. ఎట్లా అంటారు? కళ్ళు మూసుకుని, తల వంచుకుని తాగేది. ప్రభువు రక్తం రుచిగా ఉందమ్మా అని ఎవరైనా అంటారా! నాకు తెలుసు. తెలిసినా, గిన్నె వరుసలో తిరుగుతుంటే మనుషుల మొహాలు చూసేదాన్ని. పాపమో కాదో దేవుడికే తెలియాలి, నేను మాత్రం దాచను. చచ్చేలోపు ఒక్కరి నోట బాగుందనే మాట వినాలని ఉండేది నాకు.

ఆ మాట అన్నవాడు నా తమ్ముడు గిరి. చిత్తూరు రోడ్డులో వాడికి మాంసం కాల్చి అమ్మే కొట్టుంది. ఒక శనివారం సాయంత్రం నేను రసం వడగడుతుంటే, అప్పుడే నిప్పుల మీద నుంచి తీసిన పొట్టేలు పక్కటెముకలు ఆకులో చుట్టుకొని వచ్చాడు. కూర్చుని తింటూ, కారం నసాళానికి అంటితే, నేను వద్దనేలోపే గ్లాసు ముంచుకున్నాడు.

"ఒరేయ్, అది బల్లకురా! దించు!"

వాడు దించలేదు. ఒక గుక్క తాగి, ఎముక కొరికి, మళ్ళీ ఒక గుక్క తాగాడు.

"ఏం చేసినావక్కా! కొవ్వంతా నోట్లో జిడ్డుగా నిలిసిపోతాదా, ఇది తాగితే కడిగేసినట్టుండాది. మళ్ళా తినాలనిపిస్తా ఉండాది. మాంసంలోకి ఇంత బాగా కుదిరేది నేను యాడా తాగలా."

తిట్టాల్సిందాన్ని. తిట్టలేదు. ఒక సీసా నింపి ఇచ్చాను.

మరుసటి శనివారం ఏదో పని కల్పించుకుని కొట్టుకు వెళ్ళాను. బల్లల దగ్గర మాంసం ముందు పెట్టుకుని నలుగురు తాగుతున్నారు. తిరుపతిలో హోటల్ నడిపే ఢిల్లీబాబు అట, ఒకాయన గ్లాసు పైకెత్తి వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. ఎవరు చేశారని అడిగితే గిరి నన్ను చూపించాడు. ఆయన లేచి నిలబడ్డాడు, నా కోసం.

"అమ్మా, యాడయాడి వైన్లన్నీ తాగినాను. కాల్చిన మాంసానికి ఈ వగరు పడాలమ్మా. మన మట్టిలో కాసింది కదా, మన కారానికి తట్టుకుంటా ఉండాది. నీ చేతిలో ఏముందోగానీ, ఇంగొక గ్లాసు పోయించు."

సిగ్గులేకుండా పొంగిపోయాను. బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికొచ్చి, మర్నాడే కొట్టు కోసం వేరే జాడీ పెట్టాను.

రెండు నెలలకు పాస్టరయ్యకు తెలిసింది. ఆరాధన అయ్యాక నన్నూ, మా ఆయన శాంతయ్యనూ పిలిపించాడు. మా ఆయన సంఘ పెద్ద కూడా.

"బల్లకు వేరే జాడీ, కొట్టుకు వేరే జాడీ అయ్యగారూ. ఒక దాని గరిటె ఇంగోదాంట్లో పెట్టలేదు," అన్నాను.

"జాడీలు రెండైనా చెయ్యి ఒకటే గదమ్మా," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. శాంతయ్య వైపు చూశాను. పాటల పుస్తకం సంచిలో సర్దుకుంటున్నాడు.

"సంఘంలో చెప్పి నిన్ను నగుబాటు చేయను," అన్నాడు పాస్టరయ్య. "తిరుపతి నుంచి సీసా తెప్పించి ఆ గిన్నెలోనే పోస్తాను. నువ్వు చేయలేదని ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఊరికే ఆపేయ్, చాలు."

ఇంటికి రాగానే మా ఆయన రెండు జాడీలూ పెరట్లో పోసేశాడు. నేను ఏడ్చాను, తిట్టాను, అన్నం పెట్టనన్నాను. ఆయనే వడ్డించుకుని తిన్నాడు. ఇక లేదురా అని గిరికి ఫోన్ చేస్తే, "పోనీలేక్కా, కూల్‌డ్రింక్ పెట్టుకుంటాలే," అన్నాడు. ఢిల్లీబాబు రెండుసార్లు అడిగాడట. మూడోసారి అడగలేదట.

మొదటి ఆదివారం వచ్చింది. గిన్నె మీద ఎప్పటి తెల్లగుడ్డే. నా వంతు వచ్చినప్పుడు తాగాను. ఉత్త చక్కెర నీళ్ళు. వరుసలో ఒక్కరైనా మొహం చిట్లిస్తారేమో, ఇదేందని తలెత్తుతారేమో అని చూశాను. ఒక్కరూ ఎత్తలేదు. ఇరవై ఆరేళ్ళ నా చాకిరీ పోయినా ఎవరి నాలుకకూ తెలియలేదు!

బయట చెప్పులు వేసుకుంటుంటే గ్రేసీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ చర్చిలో నా పక్కనే కూర్చునే మనిషి.

"సంతోషక్కా, బల్ల గురించి ఇట్ల అనగూడదేమో గానీ, అనకుండా ఉండలేక పోతా ఉండాను. ఈసారి రసం ఎంత బాగుండాదో! తియ్యగా గొంతులోకి దిగిపోయింది. ఇన్నేళ్ళలో నీకు ఎప్పుడూ ఇట్ల కుదర్లేదు సూడు. మళ్ళొచ్చే నెల గూడా ఇట్లే సెయ్యక్కా."

శాంతయ్య రెండడుగుల దూరంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"చక్కెర కొంచెం ఎక్కువేసినాలే గ్రేసీ," అన్నాను. "వచ్చే నెలా అట్లే వేస్తా."